వూరు మోసుకెళ్ళిన వడ్రంగి

మాటతీరుని బట్టి మనిషికి పేరు పెట్టేయడం మనకి కొత్త కాదు. గోదావరి జిల్లాల మనిషి రైలెక్కి నోరు విప్పి ‘ఆయ్’ అన్నాడంటే చాలు, ఎదుటి బల్లమీదివాళ్ళు ఆయన ఏ స్టేషన్లో దిగుతాడో కూడా చెప్పేస్తారు. సరదాకి అంటారు, ఆయనా సరదాగానే తీసుకుంటాడు. కాని అటువంటి ఒక్క మాటే ఒక జనానికంతటికీ పేరైపోయి, చివరికి ఆ పేరు ప్రభుత్వం వారి చట్టంలోకి ఎక్కడం ఎప్పుడైనా విన్నారా? అటువంటి జనం వున్నారు. వాళ్ళని లెమ్కోలంటారు.

పోలెండు దేశానికి దక్షిణపు సరిహద్దున కార్పేతియన్ పర్వతాలు ఒకచోట బాగా కిందికి దిగి, గుర్రపుబండి దాటగలిగినంత ఎత్తు కొండలుగా మారతాయి. ఆ కొండల మధ్య లోయల్లో వీళ్ళ పల్లెలు. వీళ్ళ భాషలో ‘లెం’ అంటే ‘మాత్రమే’ అని అర్థం. చుట్టుపట్లవాళ్ళకి అదే అర్థానికి వేరే మాటలున్నాయి. అందుచేత నోరు తెరిస్తే ‘లెం, లెం’ అనే యీ కొండవాళ్ళని చూసి నవ్వుకుని ‘లెమ్కోలు’ అన్నారు. వీళ్ళు మాత్రం తమని తాము రుస్నాకులమని చెప్పుకునేవారు. ఇరవయ్యో శతాబ్దం వచ్చాకనే గాని ఆ ఎగతాళి పేరుని సొంతం చేసుకోలేదు. మీరు మాట్లాడే భాష ఏమిటయ్యా అని అడిగితే ‘పొ నాషోము’ అనేవారు. ‘మా తీరున’ అని దాని అర్థం. భాషకి అంతకన్న వేరే పేరు అవసరమని వాళ్ళకి తోచలేదు. అలా తోచకపోవడం ఎంత ప్రమాదమో తరవాత తెలిసొచ్చింది.

యీ వారం నేను చెప్పబోయేది అమెరికా వెళ్ళిన ఒక లెమ్కో వడ్రంగి సంగతి. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ వడ్రంగి ఒక్క మనిషి కాడు. అందుకే అతనికి పేరు పెట్టడం లేదు. పెన్సిల్వేనియా, ఒహాయో, న్యూయార్కు ప్రాంతాల్లో అటువంటివాళ్ళు వేలమంది బతికారు. వాళ్ళ బతుకుల తీరు చూసి నేను కూర్చుకున్న మనిషి. అతని చుట్టూ చెప్పే సంవత్సరాలు, చట్టాలు, వూళ్ళు మాత్రం చరిత్రలో వున్నవే.

అతను పుట్టింది 1892 ప్రాంతంలో. అప్పుడదంతా ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడి. గోర్లీత్సే అనే చిన్న బస్తీకి దక్షిణాన, వాగు పక్కన నలభై గడపల పల్లె. ఆ గోర్లీత్సే సామాన్యమైన వూరు కాదండోయ్. వుకాషేవిచ్ అనే మందుల షాపాయన 1854లో కిరసనాయిలుతో వెలిగే వీధి దీపాన్ని నిలబెట్టింది అక్కడే. ప్రపంచంలో అటువంటి దీపం అదే మొదటిదంటారు. నేల అడుగున నూనె వుంది గాని నేలమీద పంట లేదు. ఓట్సు, బంగాళాదుంపలు, అంతే. ఓట్సు పిండిని పులియబెట్టి కాచే పుల్లటి జావని ‘కిసెలిత్స’ అంటారు. మన అంబలికి వేలువిడిచిన చుట్టం అనుకోండి.

పంట చాలనిచోట చేతిపనే అన్నం పెడుతుంది. వూరికో పని. వోషే వూరివాళ్ళు బండి ఇరుసులకి పూసే కందెనని బళ్ళకెత్తుకుని దేశాలు తిరిగి అమ్మేవారు. బార్త్నె వూరివాళ్ళు రాయి కొట్టేవారు. తిరగళ్ళూ వాళ్ళవే, దారిపక్కన నిలబెట్టే రాతి శిలువలూ వాళ్ళవే. మన మనిషి తండ్రి ఇళ్ళు కట్టే వడ్రంగి. లెమ్కో ఇల్లు ఒకటే పొడుగాటి కప్పు. ఒక కొసన మనుషులు, మధ్య ధాన్యం కొట్టుకునే చోటు, రెండో కొసన పశువులు. గోడలు దుంగలు, దుంగకీ దుంగకీ మధ్య సందులో సున్నం. పాత ఇళ్ళకి పొగగొట్టం కూడా వుండేది కాదు. పొయ్యి పొగ అటకమీదికి పోయి కప్పులోంచి దారి చూసుకునేది.

తమ ఇంటికి పొగగొట్టం పెట్టుకోని యీ మనుషులు దేవుడి ఇంటికి మాత్రం మూడు గోపురాలు ఎత్తారు. దుంగల మూలలు గాడి కోసి ఒకదాంట్లో ఒకటి దిగేసి, పైన చెక్క పెంకులు పేర్చి, పడమటి వైపు పెద్ద శిఖరం, దానికి ఉల్లిగడ్డ ఆకారం బుడిపె. 2013లో యునెస్కో వారు పోలెండు, ఉక్రెయిన్ దేశాల్లోని 16 చెక్క చర్చీలని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. వాటిలో క్వ్యాతొన్, పొవ్రోజ్నిక్ వంటి లెమ్కో పల్లెల చర్చీలు వున్నాయి. పూజావిధానం తూర్పు దేశపు పద్ధతిలో, రష్యావాళ్ళ మాదిరిగా వుంటుంది. పెళ్ళయినవాళ్ళు కూడా గురువులు కావచ్చు. పెద్దదిక్కు మాత్రం రోములో వున్న పోపుగారు. దీన్ని గ్రీకు కేథలిక్ మతమంటారు. ఆ మాటలో గ్రీకులెవరూ లేరు, కంగారు పడకండి.

పద్ధెనిమిదో ఏట, 1910లో, కుర్రవాడు అమెరికా బయల్దేరాడు. దేశం వదిలిపోదామని కాదు. నాలుగేళ్ళు కష్టపడి, రొక్కం కూడబెట్టుకుని తిరిగొచ్చి, వాగు అవతలి చెక్క పొలం కొనాలని. మన ఉత్తర కోస్తా నుంచి రంగూన్ పడవెక్కినవాళ్ళూ ఇలాగే అనుకుని వెళ్ళారు. 1880ల నుంచి 1914 లోగా ఆ కొండలకి రెండు పక్కలనుంచీ రెండు లక్షలకి పైగా జనం యీ లెక్కతోనే సముద్రం దాటారు. ‘వెనక్కి రాను’ అని చెప్పి వెళ్ళినవాళ్ళు వాళ్ళలో ఎంతమందో నాకు అనుమానమే. తమ్ముడు వాగుదాకా వచ్చి సాగనంపాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు.

న్యూయార్కు రేవులో ఎల్లిస్ దీవిమీద గుమాస్తా అడిగాడు, ఏ దేశమని. ఆస్ట్రియా అని రాసుకున్నాడు. ఏ జాతి అంటే కుర్రవాడు రుస్నాక్ అన్నాడు. గుమాస్తాకి అది రష్యాలాగా వినిపించింది. పదేళ్ళ తరవాత జనాభా లెక్కలవాడు వచ్చి పోలెండు అన్నాడు. మధ్యలో ఎవరో ఉక్రేనియన్ అన్నారు. ఇతను మాత్రం ఉన్నచోటే వున్నాడు, దేశాలే అతని వెనక మారుతున్నాయి. అమెరికాలో అడుగుపెట్టిన మొదటిరోజునుంచి అతనికి పట్టుకున్న బాధ కూలీది కాదు, చలిది కాదు, ‘నువ్వెవరు?’ అన్న ప్రశ్నకి ఇచ్చిన జవాబు ఎదుటివాడికి అందకపోవడం.

మొదట బొగ్గుగని. పెన్సిల్వేనియాలో షెనండోవా అనే గనుల వూళ్ళో 1884లోనే వీళ్ళ మతంవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. అమెరికాలో అది మొదటిది. అక్కడ మాట తెలిసినవాళ్ళుంటారని పోయాడు. రెండేళ్ళు భూమి అడుగున బతికి, మూడో ఏట తన పెట్టెలోంచి తండ్రి ఇచ్చిన బాడిస తీసి తుడిచి, క్లీవ్‌లండ్ నగరం చేరాడు. అక్కడ నది ఒడ్డున ఉక్కు మిల్లులు, మిట్టమీద ట్రెమాంట్ పేట. మిల్లులకి కూలీలు, కూలీలకి ఇళ్ళు, ఇళ్ళకి వడ్రంగులు. పని దొరికింది. పని చూసి అతను దిగులుపడ్డాడట. పల్చటి చెక్కలు నిలబెట్టి, డబ్బాడు మేకులు కొట్టి, వారానికొక ఇల్లు లేపేస్తున్నారు! “ఇది ఇల్లు కాదు, సామాను పంపే పెట్టె” అన్నాడు పక్కవాడితో. పక్కవాడు కూడా కొండ అవతలివాడే కనక నవ్వాడు. కాని ఆ పెట్టెలు కట్టే ముప్పై ఏళ్ళూ అన్నం తిన్నాడు. జనవరి 7న తమ పద్ధతి క్రిస్మసుకి పనిలోకి రానందుకు ఏటా ఒకరోజు కూలి పోగొట్టుకున్నాడు కూడా.

నాలుగేళ్ళ గడువు 1914తో తీరింది. సరిగ్గా అప్పుడే యుద్ధం వచ్చింది.

ఆస్ట్రియా ప్రభుత్వానికి సరిహద్దు కొండల్లోని యీ జనంమీద అనుమానం. రష్యావాళ్ళ మాదిరి పూజలు, రష్యావాళ్ళ మాదిరి అక్షరాలు. కనక వీళ్ళు రష్యా పక్షమే అయివుంటారు అనుకుంది. గోర్లీత్సేలో మక్సిమ్ సాందొవిచ్ అనే మతగురువుని విచారణ లేకుండా 1914 సెప్టెంబరు 6న కాల్చేశారు. ఆయన భార్య అదే జైల్లో నిండుగర్భిణి. వేలమందిని బళ్ళలో వేసి గ్రాజ్ నగరం పక్కన తాలెర్‌హోఫ్ అనే మైదానంలో ముళ్ళకంచెల మధ్య పడేశారు. మొదట్లో కప్పు కూడా లేదు. తరవాత టైఫస్ జ్వరం. ఇవాళ అక్కడ గ్రాజ్ విమానాశ్రయం వుంది. వడ్రంగి తండ్రి అక్కడే పోయాడు. సంగతి క్లీవ్‌లండ్ చేరేసరికి రెండేళ్ళు పట్టింది.

యుద్ధం ముగిసి, సామ్రాజ్యం చీలిపోయినప్పుడు, యీ కొండవాళ్ళు ఒక చిత్రమైన పని చేశారు. 1918 డిసెంబరులో ఫ్లొరింక అనే పల్లెలో సభచేసి సొంత ప్రభుత్వం పెట్టుకున్నారు. యరొస్లావ్ కచ్మార్చిక్ అనే న్యాయవాది దాని నాయకుడు. పదహారు నెలలు నడిచింది. పోలెండు ప్రభుత్వం వచ్చి మూసేసింది. నాయకులమీద దావా వేశారు గాని కోర్టు విడిచిపెట్టింది. ప్రపంచపటంలో ఎవరూ గీయని ఆ రాజ్యం కబురు క్లీవ్‌లండ్‌లో వుత్తరం ద్వారా తెలిసేటప్పటికి అది వున్నదో పోయిందో కూడా తేలేది కాదు. అయినా అతను ఆ వుత్తరాన్ని జేబులో పెట్టుకుని ఆరువారాలు తిరిగాడు.

ఇక్కడినుంచి అసలు కథ.

1923 నాటికి అతని దగ్గర కాస్త డబ్బు చేరింది. పెళ్ళయింది. అమ్మాయి కూడా పక్క లోయలోదే; పూసల కంఠపట్టీ పెట్టెలో పెట్టుకుని వచ్చింది. దాన్ని ‘క్రివుల్క’ అంటారు, భుజాలదాకా పరుచుకుంటుంది. వూళ్ళో తమ్ముడికి ఇరవైరెండేళ్ళు వచ్చాయి. వాణ్ణి, ముసలి తల్లిని రప్పించుకోవాలని అన్న అనుకున్నాడు. సరిగ్గా రెండు టిక్కెట్ల డబ్బు. అదే నెలలో వూరినుంచి పెద్దల వుత్తరం వచ్చింది. యుద్ధంలో గుడికప్పు చెక్క పెంకులు చెడిపోయాయి, వాన కారి దేవుడి పటాలు పాడవుతున్నాయి, అమెరికాలో వున్నవాళ్ళు పూనుకుంటే రేకు వేయించవచ్చు అని.

అన్న తమ్ముడికి రాశాడు: రమ్మంటావా, రేకు పంపమంటావా? తమ్ముడు రాసిన జవాబు: “అన్నయ్యా, నాన్న దిద్దిన కప్పు అది. ముందు రేకు పంపు. నేను వచ్చే ఏడు వస్తాను, ఓడలు ఎక్కడికి పోతాయి?”

ఓడలు ఎక్కడికీ పోలేదు. 1924లో అమెరికా ప్రభుత్వం వలసల చట్టం చేసింది. ఏ దేశంనుంచి ఏడాదికి ఎందరు రావచ్చో లెక్కగట్టింది. పోలెండు మొత్తానికి వచ్చింది ఆరువేల లోపు. అందులో ఒక కొండపల్లె వడ్రంగి తమ్ముడికి ఎన్నో వరస వస్తుందో మీరే వూహించండి. గుడికి మాత్రం రేకు పడింది. ఎండలో మెరుస్తోందనీ, అవతలి కొండమీదికి కూడా కనిపిస్తోందనీ తమ్ముడు సంతోషంగా రాశాడు.

రెండేళ్ళకి అక్కడ మరో గొడవ. 1926లో తిలావా అనే వూళ్ళో జనం పోపుగారి మతం వదిలి ఆర్థడాక్స్ మతంలో కలిశారు. అది పల్లె నుంచి పల్లెకి పాకింది. మన వడ్రంగి పల్లె నిలువునా చీలింది. రేకు వేసిన గుడి ఒకరిది, కొత్తగా కట్టుకోబోయే గుడి ఇంకొకరిది. రెండువైపులనుంచీ చందా వుత్తరాలు ఒకే టపాలో వచ్చాయి. పాపం, ఇద్దరికీ పంపాడు. ఇద్దరూ కోప్పడ్డారు.

తమ్ముడు రావడం లేదని తేలిపోయాక అతను వూరినే ఇక్కడికి తెచ్చుకునే పనిలో పడ్డాడు. తెచ్చేందుకు మనుషులు దొరికారు. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో లెమ్కో సంఘం పుట్టింది, 1931లో అమెరికాలోనూ. ‘లెమ్కో’ అనే పత్రిక అంతకుముందే, 1928లో మొదలైంది. తరవాతి రోజుల్లో ‘కర్పాత్స్క రుస్’ పత్రిక. వీటిలో విశేషమేమంటే, ఇవి పండితుల భాషలో కాదు, అమ్మ పొయ్యి దగ్గర మాట్లాడే భాషలో అచ్చయ్యాయి. వ్యావహారిక భాషకోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పడ్డ పాట్లు తెలిసిన మనకి ఆ గొప్ప వేరే చెప్పక్కర్లేదు. మూడో తరగతితో చదువు మానేసిన వడ్రంగి ఆదివారం బల్లకి ఆనుకుని కూచుని తన మాట తనే అచ్చులో చదువుకున్నాడు. ‘లెం’ అన్న మాట తగిలినప్పుడల్లా నవ్వుకునేవాడని భార్య చెప్పేది. అదే కాలంలో, స్టెఫాన్ ష్కింబా అనే లెమ్కో పాటగాడు తమ పెళ్ళిపాటలు గ్రామఫోను ప్లేట్లమీద పాడాడు. ప్లేటు అరిగిపోయేదాకా వేశారు.

ట్రెమాంట్ పేటలో సంఘానికి ఒక హాలు ఏర్పడింది. న్యూయార్కు పక్కన యాంకర్స్‌లో ఇంకా పెద్దది. కూలివాళ్ళు డాలరుకి డాలరు వేసుకుని కూర్చుకున్న హాళ్ళివి. మన మనిషి పగలు పరాయి ఇళ్ళు కట్టి, సాయంత్రం హాల్లో నాటకాల వేదిక కట్టేవాడు. కూలి తీసుకోలేదు. ఆ వేదికకి వెనక తెరబదులు ఒక పల్లెటూరి ఇంటి ముంగిలి చేశాడు. దుంగలు, మధ్య సున్నం చారలు, ఒక ద్వారబంధం. అమెరికాలో అతను మేకు కొట్టకుండా చేసింది ఆ ద్వారబంధం ఒక్కటే. నాటకంలో పెళ్ళికొడుకు చుహ వేసుకుని ఆ గుమ్మంలోంచి రావాలి. చుహ అంటే భుజాలమీద వేలాడే బరువైన వున్ని కోటు. చేతులు దూర్చుకోరు, చేతుల కొసలు కుట్టేసి జేబులుగా వాడుకుంటారు. సంతనుంచి వచ్చేటప్పుడు ఒక చేతిలో ఉప్పు, ఒక చేతిలో పిల్లలకి మిఠాయి. ఇంతకన్న తెలివైన కోటు నేను వినలేదు.

ఇదంతా బాగానే వుంది. ఇంట్లోవాళ్ళ సంగతి?

ఇంట్లో ముగ్గురు పిల్లలు. శనివారం మిగతా పిల్లలు బంతాడుకుంటూంటే వీళ్ళు హాల్లో అక్షరాలు దిద్దేవారు. పెద్దమ్మాయికి పదహారేళ్ళప్పుడు ఒకరోజు తెగించి అడిగింది: “నాన్నా, అందరి ఇళ్ళకీ నువ్వు వరండాలు కడతావు. మనింటి మెట్టు విరిగి మూడేళ్ళయింది. నీ డబ్బంతా హాలుకి. నువ్వు బతికేది ఏ వూళ్ళో?” అతను సమాధానం చెప్పలేదు. మర్నాడు మెట్టు బాగుచేశాడు. హాలుకి వెళ్ళడం మానలేదు. నన్నడిగితే ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు. జాతి, భాష అని తిరిగేవాళ్ళ ఇళ్ళల్లో మెట్టు విరిగే వుండడం మన దేశంలోనూ చూశాం. ఆ మెట్టుమీద కాలు జారేది సాధారణంగా ఇల్లాలే.

హాల్లో కూడా అంతా సఖ్యమేమీ కాదు. మేము రష్యన్లమని కొందరు, ఉక్రేనియన్లమని కొందరు, రెండూ కాదు మేము మేమేనని కొందరు. ఒకే పాట పాడి, దాని పేరుమీద కొట్టుకునేవారు. పైగా సంఘం పత్రిక సోవియట్ దేశాన్ని మెచ్చుకునేది. చర్చివాళ్ళకి అది గిట్టదు. మన వడ్రంగి ఆదివారం పొద్దున చర్చిలో, సాయంత్రం హాల్లో. రెండుచోట్లా అతన్ని అనుమానంగానే చూశారు.

రెండో యుద్ధం ముగుస్తూ వుండగా, 1944నుంచి 1946దాకా, పోలెండుకీ సోవియట్ ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం ప్రకారం జనాన్ని మార్చుకున్నారు. లెమ్కోల్లో సగానికి పైగా సోవియట్ ఉక్రెయిన్‌కి తరలిపోయారు. కొందరు నమ్మి వెళ్ళారు, కొందరు తుపాకీ చూసి వెళ్ళారు. తమ్ముడు వెళ్ళలేదు. గుడి తాళం వాడి దగ్గర వుంది. ఇంటిదగ్గరే వుంటే ఏమవుతుందిలే అనుకున్నాడు.

1947 ఏప్రిల్ 28న పోలెండు ప్రభుత్వం మిగిలినవాళ్ళని కూడా కదిలించడం మొదలుపెట్టింది. దానికి విస్తులా నది పేరు పెట్టారు. ఉక్రేనియన్ గెరిల్లాలకి ఆసరా లేకుండా చెయ్యాలన్నది చెప్పిన కారణం. గెరిల్లా ముఖం చూడని పల్లెలు కూడా అందులో కొట్టుకుపోయాయి. భాషకి సరైన పేరు పెట్టుకోని జనానికి సైన్యమే పేరు పెట్టి, మీరు ఉక్రేనియన్లే, కదలండి అంది. సామాను సర్దుకోవడానికి కొద్ది గంటలు. ఆవు, బండి, దుప్పట్లు, విత్తనాలు. మొత్తం లక్షా నలభైవేలమంది. అందులో ముప్పైవేలకి పైగా లెమ్కోలు. రైలుపెట్టెల్లో వందల మైళ్ళు తీసికెళ్ళి, జర్మన్లు ఖాళీచేసిన పడమటి, ఉత్తరపు జిల్లాల్లో చల్లేశారు. చల్లేశారని ఎందుకన్నానంటే, ఒకే వూరివాళ్ళు ఒకచోట వుండకూడదనీ, ఎక్కడా నూటికి పదిమందిని మించకూడదనీ ముందే లెక్క వేసుకున్నారు. మాట్లాడుకునేందుకు మనిషి దొరక్కపోతే ఒక తరంలో భాష పోతుందని ఆ లెక్క వేసినవాళ్ళకి బాగా తెలుసు.

ఆ ఎండాకాలం క్లీవ్‌లండ్‌లో వడ్రంగి పంపిన వుత్తరాలు రెండు తిరిగొచ్చాయి. మూడోది రాయలేదు. చలికాలంలో కొత్త టపాముద్రతో, లెగ్నీత్సా జిల్లానుంచి ఒక కార్డు వచ్చింది. తమ్ముడి దస్తూరీ. “మేము బాగున్నాము. ఇక్కడ ఇళ్ళు ఇటుకతో కట్టారు. తాళంచెవి నా దగ్గరే వుంది.”

ఆ తరవాత హాలుకి వెళ్ళేవాళ్ళ తీరు మారిపోయిందని చెప్పుకునేవారు. అంతవరకు వాళ్ళు అసలు వూరు అక్కడ వుంది, ఇక్కడ దాని నీడ వుంది అనుకుంటూ వచ్చారు. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. నాటకంలో వేసిన ఆ బొమ్మ ముంగిలి ఒక్కటే ముంగిలి. వడ్రంగి బట్టలు, మందులు, కాఫీగింజలు పెట్టెలకెత్తి పడమటి పోలెండుకి పంపడం మొదలుపెట్టాడు. పెట్టెలు మాత్రం గట్టిగా చేసేవాడు; అక్కడ ఆ చెక్కతో కోళ్ళగూడు కట్టుకునేవారట.

1956 తరవాత కొద్దిమందిని కొండలకి తిరిగి పోనిచ్చారు. తిరిగి వచ్చినవాళ్ళలో ముందే వచ్చేసినవాడు ఒకడున్నాడు, అతని పేరు చెప్పకుండా వుండలేను. నికీఫర్. క్రినీత్సా అనే నీళ్ళవైద్యపు బస్తీలో వీధిపక్కన కూచుని బొమ్మలు వేసుకునే లెమ్కో. మాట సరిగా రాదు. అతన్నీ రైలెక్కించి పంపేశారు. నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. మళ్ళీ పంపారు. మళ్ళీ నడిచి వచ్చాడు. ఆనక ఆ బొమ్మలకే దేశదేశాల్లో పేరొచ్చింది. 1968లో పోయాడు.

పని మానుకున్నాక, 1960ల్లో, వడ్రంగి ఒక్కసారి వెళ్ళాడు. అమెరికా పౌరుడు గనక రానిచ్చారు. తమ్ముడికి అరవై దాటాయి. ఎప్పుడో వాగు ఒడ్డున విడిచిన పిల్లవాడు, బోసినోటి ముసలివాడై, ఎవరో జర్మన్ రైతు కట్టుకున్న ఇటుకింటి గుమ్మంలో నిలబడి వున్నాడు. ఇద్దరూ రైలెక్కి గోర్లీత్సే చేరి, అక్కడినుంచి బండి కట్టించుకుని వూరికి పోయారు.

వూరు లేదు. రాతి పునాదులు, బావి గుంట, దారిపక్క బార్త్నె పనివాళ్ళ రాతిశిలువ. ఆపిల్ చెట్లని బట్టి ఏ ఇల్లు ఎవరిదో తమ్ముడు చెబుతూ నడిచాడు. గుడి వున్నచోట వేపుడు మచ్చ లాంటి ఖాళీ నేల. లోయ కొసన సర్కారు వ్యవసాయక్షేత్రం వాళ్ళ గొర్రెల కొట్టం కనిపించింది. దాని కప్పు చూసి అన్న ఆగిపోయాడు. అతుకుల తీరు తెలిసినవాడికి చెప్పక్కర్లేదు. 1924లో తను పంపిన డబ్బుతో వేసిన రేకు.

తమ్ముడు దగ్గరికి వెళ్ళి చేత్తో తట్టి చూశాడు. “మంచి రేకు అన్నయ్యా. ఇంకా తుప్పు పట్టలేదు” అన్నాడు.

టిక్కెట్ల మాట ఇద్దరూ ఎత్తలేదు. వెనక్కి వచ్చేముందు తమ్ముడు గుడి తాళంచెవి అన్న చేతిలో పెట్టాడు. అది క్లీవ్‌లండ్ హాల్లో ఒక గాజుపెట్టెలోకి పోలేదు. అతని పనిముట్ల పెట్టెలో, బాడిస పక్కనే వుండిపోయింది. ఆ పెట్టె ఇప్పుడు పెద్దమ్మాయి పిల్లల దగ్గర వుంది. దేని తాళమో వాళ్ళకి తెలుసు. అక్షరాలు దిద్దించినందుకు చివరిదాకా తండ్రిమీద విసుక్కున్న ఆ పెద్దమ్మాయే, బాబాయి పోయేదాకా వుత్తరాలు రాసింది. ‘మా తీరున’ రాసింది, తప్పులతో.

సినిమాలు చూసేవాళ్ళకి ఒక సంగతి. 1978లో వచ్చిన ‘ది డీర్ హంటర్’ అనే పేరుమోసిన ఇంగ్లీషు చిత్రంలో పెళ్ళివిందు, నాట్యం ఒక పెద్ద హాల్లో జరుగుతాయి. అది ట్రెమాంట్ పేటలోని లెమ్కో హాలే. పెళ్ళి జరిగే ఉల్లిగోపురాల చర్చి కూడా ఆ పేటలోదే. తరవాత హాలు చేతులు మారింది. సినిమాలో మాత్రం ఇప్పటికీ జనం గిరగిరా తిరుగుతూ నాట్యం చేస్తూనే వుంటారు.

1990లో పోలెండు సెనేట్ 1947 నాటి పనిని తప్పని ఖండించింది. ఆ ఏటినుంచే జ్దీన్య గ్రామంలో ఏటా ఎండాకాలంలో ‘వాత్ర’ అనే పెద్ద నెగడు వేసి, చెల్లాచెదరైనవాళ్ళంతా చుట్టూ చేరుతున్నారు. 2005 చట్టం లెమ్కోలని ఒక ప్రత్యేక జాతిగా పేరుపెట్టి గుర్తించింది. 2011 జనాభా లెక్కల్లో పోలెండులో పదివేలమందికి పైగా మేము లెమ్కోలమని రాయించుకున్నారు. గుమాస్తా యీసారి సరిగానే విన్నాడు. గోర్లీత్సేలో వాళ్ళ రేడియో కూడా ఒకటి నడుస్తోంది. దాని పేరులో వున్నది ఆ పాత ఎగతాళి మాటే, ‘లెం’.

రదొత్సిన, నెజ్నయోవ, చార్నె, ద్వూగె, లిప్న అనేవి ఖాళీ అయిపోయిన పల్లెలు. పాత ఇళ్ళు లేవు. కొన్నేళ్ళ క్రితం ఆ వూళ్ళ మొదట్లో, పచ్చిక మధ్య, ఒక్కొక్క చెక్క తలుపు నిలబెట్టారు. ద్వారబంధంతో సహా, గోడ లేకుండా. మీద వూరి పేరు రాసి వుంటుంది. నడిచి వెళ్ళేవాళ్ళు అక్కడ ఆగి చదువుకుంటారు. తలుపుకి కాస్త అవతల, మనిషి కట్టెత్తి తుంపని ఆపిల్ చెట్లు గుబురుగా పెరిగిపోయి, శరత్కాలంలో కాయలు రాలుస్తుంటాయి.